తెరమీద ఆ ప్రేమ, మన ఇళ్లలో పెళ్లిళ్లు

బందరు, గుడివాడ, దివిసీమ సంఘాల్లోని తల్లిదండ్రులు ఈమధ్య మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అయ్యగారూ, పిల్లలు ఫోన్లలో మగవాడు మగవాణ్ణి ప్రేమించే సినిమాలు చూస్తున్నారు. ఇవి చూడవచ్చునా?" అడిగేవారి భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. పిల్లవాడు విజయవాడలోనో హైదరాబాదులోనో హాస్టల్లో ఉంటాడు, చేతిలో ఫోను ఉంటుంది, ఏమి చూస్తున్నాడో నాగాయలంకలో ఉన్న తల్లికి తెలిసే దారి లేదు.

అయితే జవాబుకు ముందు మేము ఒక సంగతి గుర్తు చేయాలి. ఇలాంటి పాత్ర మన తెరకు కొత్త కాదు. ఎన్నో ఏళ్లుగా తెలుగు సినిమా కామెడీ ట్రాకుల్లో వయ్యారంగా నడిచే మగవాడు ఒకడు కనబడుతూనే ఉన్నాడు. వాడు హీరో స్నేహితుడి భుజం మీద చెయ్యి వేస్తాడు, ఆ స్నేహితుడు జడుసుకుని పారిపోతాడు, హాలంతా గొల్లుమంటుంది. 'తేడా', 'పాయింట్ ఫైవ్' అనే మాటలు మన పిల్లల నోళ్లలో నానడానికి ఆ సినిమాలు బాగానే సాయపడ్డాయి. క్రిస్మస్ సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో విశ్వాసుల కుటుంబాలు కూడా టికెట్టు కొని ఆ సినిమాలకు వెళ్లాయి. అప్పుడెవరూ ఇవి చూడవచ్చునా అని అడగలేదు. ఆ పాత్ర నవ్వించడం మాని, ప్రేమించి, ఏడ్చి, భోజనాల బల్ల దగ్గర మనలాగే కూర్చున్నప్పుడే ఈ ప్రశ్న వచ్చింది.

ఈ ప్రాంతం సంగతి ఇంకా విచిత్రం. మనకు దగ్గరలోని కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషంలో జడ ముందుకు వేసుకుని వస్తే జనం రెప్ప వేయకుండా చూసేవారు. ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆడవేషం వేరు, స్వలింగ ప్రేమ వేరు, రెండింటినీ కలపకూడదు. కలిపింది ఆ కామెడీ ట్రాకులే. అరుగు మీద కళగా చూసిన నడకనే హాల్లో ఎగతాళిగా చూడటం మన ప్రేక్షకులకు అలా అలవాటయ్యింది.

దేశంలో ప్రేక్షకుల తీరు మారిన మాట నిజం. 1998లో 'ఫైర్' సినిమా వచ్చినప్పుడు ముంబయి, ఢిల్లీ నగరాల్లో థియేటర్లు పగలగొట్టారు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు ఇచ్చి, ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదన్నది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, అంటే తీర్పుకు ముందే, నాని నిర్మించిన 'అ!' తెలుగులో విడుదలయ్యింది. కూతురు ప్రేమించిన మనిషిని చూద్దామని తల్లిదండ్రులు రెస్టారెంటుకు వస్తారు. అక్కడున్నది మరో అమ్మాయి. నిత్యా మీనన్, ఈషా రెబ్బా నటించిన ఆ దృశ్యాల్లో ఎగతాళి లేదు. అందుకు దర్శకుడు ప్రశాంత్ వర్మను మెచ్చుకోవాలి. కానీ చివరికి ఆ పాత్రలన్నీ గాయపడిన ఒక అమ్మాయి మనసులోని రూపాలని తేలుతుంది. ఆ జంట నిజంగా మన వీధిలో ఉండదన్నమాట. ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి వెళ్లవచ్చు.

అలా నిశ్చింతగా వెళ్లనివ్వని సినిమా మలయాళంలో వచ్చింది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేమన్నది. ఆ కేసులో మొదటి పిటిషనర్లు హైదరాబాదులో ఉండే జంట కనుక అది మనకు దూరపు వార్త కాదు. అయిదు వారాల తరువాత, నవంబరు 23న, జియో బేబీ దర్శకత్వంలో 'కాదల్ – ది కోర్' విడుదలయ్యింది. మమ్ముట్టి తానే నిర్మించి నటించాడు. ఆయన పాత్ర మాథ్యూ దేవస్సీ, సంఘంలో పేరున్న క్రైస్తవుడు, పెద్దమనిషి, పంచాయతీ ఉప ఎన్నికలో అభ్యర్థి. ఇరవై ఏళ్లు కాపురం చేసిన భార్య ఓమన, జ్యోతిక ఆ పాత్ర వేసింది, అప్పుడే విడాకులకు కోర్టుకెక్కుతుంది. తన భర్త స్వలింగ సంపర్కుడని కారణం చూపుతుంది. ఇల్లు, భోజనానికి ముందు ప్రార్థన, ఆదివారం ఆరాధన, అన్నీ మనకు తెలిసినవే. కేరళ ప్రేక్షకులు దానిని ఆదరించారు, రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏటి ఉత్తమ చిత్రం అవార్డు ఇచ్చింది. క్రైస్తవ కుటుంబాన్నే ఎందుకు ఎంచుకున్నారని అక్కడి క్రైస్తవుల్లో కొందరు నొచ్చుకున్నారు కూడా.

ఆ ఆదరణను మరీ గొప్ప చేసి చెప్పనక్కరలేదు. మమ్ముట్టి కాక ఒక కొత్త నటుడైతే అంతమంది కుటుంబాలతో వెళ్లేవారా అన్నది మా అనుమానం. మాథ్యూ, అతను ప్రేమించిన తంకన్ కలిసి మాట్లాడుకునే దృశ్యాలు ఆ సినిమాలో దాదాపు లేవు. స్వలింగ ప్రేమికుల దుఃఖాన్ని మన ప్రేక్షకుడు ఓర్చుకుంటాడు, వారి సంతోషాన్ని ఓర్చుకోవడానికి ఇంకా సిద్ధపడలేదు. దర్శకుడికి ఆ సంగతి తెలుసుననే అనిపిస్తుంది.

మేము ఆ సినిమా గురించి ఇంత రాయడానికి కారణం ఓమన. కోర్టులో మాథ్యూ ముసలి తండ్రి నోరు విప్పుతాడు. కొడుకు సంగతి తనకు ముందే తెలుసునని, పెళ్లి చేస్తే మారతాడనుకున్నానని ఒప్పుకుంటాడు. ఆ మాట కృష్ణా డెల్టాలో ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో పాస్టర్లకు తెలుసు. "పెళ్లి చేస్తే సర్దుకుంటాడు." సాఫ్టువేరు ఉద్యోగం, మంచి కుటుంబం అని చూసి గుడివాడ అమ్మాయిని అవనిగడ్డ అబ్బాయికి ఇస్తారు. కట్నం ఇస్తారు, పెళ్లి విందుకు అప్పు చేస్తారు. ఆరు నెలలకు పిల్ల పుట్టింటికి వస్తుంది. పెద్దమనుషులు కూర్చుంటారు. అబ్బాయి నోరు విప్పడు, విప్పితే ఏమవుతుందో చిన్నప్పటి నుంచి హాల్లో నవ్వు విని తెలుసుకున్నాడు. "మొగుణ్ణి తిప్పుకోలేకపోయింది" అన్న నింద మాత్రం పిల్ల మీద పడుతుంది. ఇటువంటి తగవులు ఏ సేవకుడి దగ్గరకు వచ్చినా బయట చెప్పడానికి వీలుండదు. చెప్పకూడదు కూడా. అందుకే అవి లేవని సంఘం అనుకుంటుంది.

వివాహం స్త్రీపురుషుల మధ్య దేవుడు ఏర్పరచిన కట్టడ అని మన సంఘాలు నమ్ముతున్నాయి. దానిని మార్చమని ఈ పత్రిక అడగడం లేదు. రోమా పత్రిక మొదటి అధ్యాయం పట్టుకుని ప్రసంగించేవారు రెండవ అధ్యాయం మొదటి వచనం కూడా చదవాలని మాత్రం అడుగుతున్నాం. వివాహం అంత పరిశుద్ధమని నమ్మేవారు దానిని ఒక యౌవనస్థుడికి మందుగా, ఒక ఆడపిల్లను ఆ మందు సీసాగా ఎలా వాడగలుగుతున్నారో మాకు అర్థం కాదు. మన నమ్మకాన్ని ఏ సినిమా కన్నా ఎక్కువగా ఈ పెళ్లిళ్లే అవమానిస్తున్నాయి.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు. 'కాదల్' చూడవచ్చు. చిన్నపిల్లలకు అది అర్థం కాదు, కానీ కాలేజీకి వచ్చిన పిల్లలతో కలిసి చూడండి. చూసేటప్పుడు వ్యాఖ్యానం చేయకండి. మీ మాట కోసం పక్కన కూర్చున్నవాడు చెవులు రిక్కించి ఉండవచ్చు. మగవాణ్ణి 'తేడా' అని వెక్కిరించే సినిమా ఇంట్లో నడుస్తుంటే మాత్రం కట్టేయండి. వాక్యానుసారమైన కారణం దానికే ఎక్కువ ఉంది.

సేవకులకు ఒక మాట. శ్రమదినాలకు ముందు వచ్చే పెళ్లిళ్లకు త్వరలో ప్రకటనలు మొదలవుతాయి. మూడు ఆదివారాలు పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవారు చెప్పాలని బెంచీల్లో ఉన్నవారిని అడుగుతారు. ఆ కాగితం మీద పేర్లు రాయకముందే అబ్బాయితో ఒక గంట, అమ్మాయితో ఒక గంట, తల్లిదండ్రులు పక్కన లేకుండా కూర్చోండి. ఈ పెళ్లి నీకు ఇష్టమేనా అని అడిగి, జవాబు వచ్చేవరకు ఆగండి. వద్దని చెప్పినవారి కారణం మీ దగ్గరే ఉండాలి, పెళ్లి వాయిదా పడిందని మాత్రమే ఇంట్లోవారికి తెలియాలి.