ఓడిన జట్టు – అభిమానుల ధర్మం

ఆడలేక మద్దెల ఓడన్నట్లు అని మన పెద్దలు సామెత చెప్పారు. నాట్యం కుదరనప్పుడు తప్పు మద్దెల మీద పడింది. నేటి ఆటల పోటీలలో ఆ మద్దెల స్థానం శిక్షకునిది. జట్టు వరుసగా నాలుగు ఆటలు ఓడితే చాలు, శిక్షకుణ్ణి తొలగించవలెనని అభిమానులు కేకలు వేస్తారు, యజమానులు తొలగిస్తారు. ఆ వార్త విని కొందరు పండుగ చేసుకుంటారు, కొందరు కంటతడి పెడతారు. ఆట మాత్రం ఎక్కడ ఉన్నదో అక్కడనే ఉంటుంది.

ఈ సంగతి ఇప్పుడెందుకు ప్రస్తావించవలసి వచ్చినదో మొదటనే విన్నవించుకుంటాము. ఈ విద్యాసంవత్సరం అంతర్ కళాశాల పోటీలలో మన బాస్కెట్‌బాల్ జట్టు మొదటి ఆటలోనే ఓడి తిరిగి వచ్చినది. వారం గడవకముందే, ఫిజికల్ డైరెక్టరు గారిని మార్చవలెనని కోరుతూ కొందరు విద్యార్థులు సంతకాలు చేసిన వినతిపత్రం కళాశాల కమిటీ వారికి అందినది. కమిటీ వారు ఇంకా నిర్ణయం చేయలేదు. ఆ నిర్ణయానికి ముందు, బాస్కెట్‌బాల్ పుట్టి పెరిగిన అమెరికా దేశంలో ఇటువంటి సందర్భాన ఏమి జరిగినదో విద్యార్థులూ కమిటీ సభ్యులూ ఒక్కసారి పరికించవలెనని మా కోరిక.

కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని శాక్రమెంటో. ఆ నగరపు జట్టు పేరు కింగ్స్. పేరుకు రాజులే కాని, 2006 తరువాత 16 సంవత్సరాల పాటు ఆ జట్టు ప్లేఆఫ్స్ అనబడే తుది దశ పోటీల గడప తొక్కలేదు. 2013లో జట్టును సియాటిల్ నగరానికి తరలించే ప్రయత్నం జరిగినప్పుడు, ఓడిపోయే జట్టే అయినా మాకు కావాలని నగర ప్రజలు ఉద్యమించి నిలబెట్టుకున్నారు. అప్పుడు దానిని కొన్న బృందానికి నాయకుడు వివేక్ రణదివే, మన ముంబయి నగరంలో పుట్టినవాడు. 2019 అక్టోబరులో అదే జట్టు ముంబయికి వచ్చి ఇండియానా పేసర్స్ జట్టుతో రెండు ప్రదర్శన ఆటలు ఆడినది. అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ సంఘపు జట్లు భారతదేశంలో ఆడడం అదే ప్రథమం. కనుక ఈ కథ మనకు పూర్తిగా పరాయిది కాదు.

రణదివే యాజమాన్యంలో 2013 నుండి 2022 వరకు, తొమ్మిదేళ్ళలో, ఆరుగురు శిక్షకులు మారారు. ఒకరి పద్ధతి ఆటగాళ్ళకు ఒంటబట్టేలోగా మరొకరు వచ్చి మరొక పద్ధతి మొదలుపెట్టేవారు. 2022లో ఏడవవాడుగా మైక్ బ్రౌన్ వచ్చాడు. మొదటి సంవత్సరమే జట్టు 48 ఆటలు గెలిచి, 34 ఓడి, 2023లో ప్లేఆఫ్స్‌కు చేరినది. ఆ ఏటి ఉత్తమ శిక్షకుడుగా బ్రౌన్‌ను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. జట్టు గెలిచిన ప్రతి రాత్రి ఆటశాల కప్పు మీద నుండి ఊదారంగు వెలుగు ఆకాశంలోకి దూసుకుపోయేది. "దీపం వెలిగించండి" అని వేలాదిమంది ఒక్క గొంతుతో అరిచేవారు. పదహారేళ్ళు చీకటిలో కూర్చున్నవారికి ఆ వెలుగు ఎంతటి విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

మరుసటి ఏడు 46 ఆటలు గెలిచినా తుది దశకు చేరలేకపోయారు. 2024 జూన్‌లో యాజమాన్యం బ్రౌన్ ఒప్పందాన్ని పొడిగించినది. ఆరు నెలలు తిరిగేసరికి లెక్క తలక్రిందులయినది: 13 గెలుపులు, 18 ఓటములు. డిసెంబరు 26న సొంత ఊరిలో, గెలుపు చేతికందిన ఆటను చివరి క్షణాలలో జారవిడిచి, డెట్రాయిట్ జట్టు చేతిలో 114-113తో, ఒకే ఒక్క పాయింటు తేడాతో ఓడారు. అది వరుసగా ఐదవ ఓటమి. మరునాడు బ్రౌన్ జట్టుతో సాధన చేయించి, పత్రికల వారితో మాట్లాడి, తరువాతి ఆటకు బయలుదేరి విమానాశ్రయానికి పోతుండగా, దారిలో ఫోను చేసి తొలగింపు సంగతి తెలిపారని నాటి వార్తలు చెప్పాయి.

అభిమానులు ఎన్నో విధాలుగా స్పందించారు. చేతిలోని ఆటలను పోగొట్టుకుంటున్న జట్టుకు మార్పు తప్పదన్నవారున్నారు. ప్రధాన ఆటగాడు డి ఆరన్ ఫాక్స్ వైపు వేలు చూపినవారున్నారు. శిక్షకులను మార్చడమే అలవాటయిన యాజమాన్యాన్ని నిలదీసినవారు చాలామంది. తొలగింపు కంటె తొలగించిన తీరు ఎక్కువ బాధించినదన్నవారూ ఉన్నారు. పదేళ్ళ క్రితం, 2014 డిసెంబరులో, అదే యాజమాన్యం చేత అదే విధంగా తొలగింపబడిన మైకేల్ మలోన్, అప్పటికి డెన్వర్ జట్టు శిక్షకుడు, ఈ తీరును బాహాటంగా ఖండించాడు. శాక్రమెంటో వారు వద్దనుకున్న ఆ మలోన్ 2023లో డెన్వర్‌కు విజేతల పట్టం సంపాదించినవాడు. విచిత్రమేమంటే, 2025 ఏప్రిల్‌లో, సీజనులో మూడే ఆటలు మిగిలి ఉండగా, డెన్వర్ వారు కూడా అతనిని తొలగించారు.

ఇక ఫలితం చూద్దాము. బ్రౌన్ వెళ్ళిన తరువాత కింగ్స్ 27 ఆటలు గెలిచి 24 ఓడారు. ఇది పూర్వం కంటె మెరుగే. ఆ మాట దాచడం న్యాయం కాదు. అయితే ఫిబ్రవరిలో ఫాక్స్ మరొక జట్టుకు వెళ్ళిపోయాడు. 40 గెలుపులు, 42 ఓటములతో సీజను ముగిసినది. ప్లేఆఫ్స్ తలుపు తెరుచుకోలేదు. జనరల్ మేనేజరు కూడా పదవి విడిచాడు. బ్రౌన్‌ను 2025 జూలైలో న్యూయార్క్ నిక్స్ జట్టు పిలిచి పదవి ఇచ్చినది. ఒక మనిషిని తీసివేస్తే తీరుతుందనుకున్న చిక్కు, అతడు పోయిన తరువాత కూడా అక్కడే కూర్చుని ఉన్నది.

ఇదే బ్రౌన్ జీవితంలో ఇంతకు ముందు మరొక ఘట్టం ఉన్నది. 2012లో అతడు లాస్ ఏంజెలిస్ లేకర్స్ శిక్షకుడు. కోబీ బ్రయంట్ ఉన్న ఆ జట్టులోకి ఆ వేసవిలో స్టీవ్ నాష్, డ్వైట్ హోవర్డ్ వంటి ఉద్దండులు వచ్చి చేరారు. విజేతల పట్టం ఇక వారిదేనని అందరూ అనుకున్నారు. తీరా మొదటి ఐదు ఆటలలో నాలుగు ఓడారు. 82 ఆటల సీజనులో ఐదే ఆటలు! నవంబరు 9న బ్రౌన్‌ను తొలగించారు. ఆ రాత్రి ఆటశాలలో ప్రేక్షకులు, పూర్వం ఆ జట్టుకు ఐదు పట్టాలు తెచ్చిన ఫిల్ జాక్సన్ కావాలని నినాదాలు చేశారు. వచ్చినది జాక్సన్ కాదు, మైక్ డి ఆంటోని. ఆ సీజనులో జట్టు 45 ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌కు పోయి, శాన్ ఆంటోనియో చేతిలో నాలుగు ఆటలకు నాలుగూ ఓడినది. తరువాతి ఏట 27 గెలుపులే దక్కాయి. డి ఆంటోని కూడా వెళ్ళిపోయాడు. తప్పంతా ఒక్క బ్రౌన్‌దే అయి ఉంటే ఇట్లు జరిగి ఉండదు కదా!

శిక్షకుణ్ణి మార్చడం ఎప్పుడూ తప్పేనని మేము అనడం లేదు. 2014లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ 51 ఆటలు గెలిపించిన మార్క్ జాక్సన్‌ను తొలగించి స్టీవ్ కెర్‌ను తెచ్చుకున్నారు. 2015లో పట్టం గెలిచారు. 2016 జనవరిలో క్లీవ్‌లాండ్ వారు డేవిడ్ బ్లాట్‌ను తొలగించి, ఆ ఏడాదే తమ తొలి పట్టం అందుకున్నారు. కాని గమనించండి. ఆ రెండు జట్లూ అప్పటికే గెలుస్తున్న జట్లు. ఆటగాళ్ళ బలం సమకూరి ఉన్నది, ఇంకా ఏమి కొరవడినదో యాజమాన్యానికి ఒక అంచనా ఉన్నది. ఓటమి వేడిలో, అభిమానుల ఆగ్రహం చల్లార్చడానికి చేసే తొలగింపు వేరు. అది చికిత్స కాదు, రోగి బంధువులను శాంతింపజేయడానికి వైద్యుణ్ణి మార్చడం.

మరి ఎప్పుడూ శిక్షకుడే ఎందుకు దొరుకుతాడు? కారణం సులభం. ఆటగాళ్ళు పదిహేనుమంది, వారి ఒప్పందాలు పెద్దవి, వారిని మార్చాలంటే మరొక జట్టు అంగీకరించవలెను. ఆటగాళ్ళను ఎంచిన మేనేజరు తెర వెనుక ఉంటాడు. యజమాని తనను తాను తొలగించుకోడు. అభిమానిని తొలగించేవారు లేరు. శిక్షకుడు ఒక్కడు, అందరికీ కనబడేచోట నిలబడి ఉంటాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, అందరి కోపమూ అతని మీదనే దిగుతుంది.

అభిమాని బాధను మేము చిన్నచూపు చూడము. శాక్రమెంటో ప్రజలు జట్టును పోనీయకుండా పట్టుకున్నది ప్రేమతోనే. ప్రేమ ఉన్నచోట కోపం సహజం. అయితే ఆ కోపానికి ఒక ధర్మం ఉన్నది. శిక్షకుడు తన చేతిలో ఉన్నదానిని చేశాడా, అతనికి తగిన వ్యవధీ వనరులూ మనము ఇచ్చామా, పంపవలసి వస్తే కారణం ఎదుట చెప్పి గౌరవంగా పంపుతున్నామా అని అభిమాని ముందుగా తనను తాను అడగవలెను. సాధన చేయించి వస్తున్న మనిషికి దారిలో ఫోను చేయడం ఏ ఆటలోనూ గెలుపు కాదు.

మన హైదరాబాదులోనే ఇందుకు ఒక గొప్ప పాఠం ఉన్నది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడినది. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఇంతకంటె ఘోరమైన ఓటమి ఏముంటుంది? అయినా ఆ పది గోల్స్‌తో రహీం సాహెబ్ అధ్యాయం ముగిసిపోలేదు. ఆయన శిక్షణలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగవ స్థానం పొందినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకం గెలిచినది. మరుసటి సంవత్సరమే ఆయన క్యాన్సరు వ్యాధితో కన్నుమూశారు. హెల్సింకి రాత్రి ఆయనను ఇంటికి పంపి తలుపు మూసి ఉంటే, జకార్తా స్వర్ణం మనకు ఎవరు తెచ్చి ఇచ్చేవారు?

ఇక మన మైదానానికి వద్దాము. మన కోర్టు నేల బీటలు వారి ఎన్నాళ్ళయినదో కమిటీ వారికి తెలియును. ఒక రింగుకు వల లేదు. పోటీలకు పదిహేను రోజుల ముందు తప్ప సాధన సాగలేదు. ఆ పదిహేను రోజులలోనూ పది మంది పూర్తిగా హాజరైన సాయంత్రాలు వ్రేళ్ళ మీద లెక్కించవచ్చును. విద్యార్థులను మాత్రమే అనడం కూడా న్యాయం కాదు. సాయంత్రపు ప్రత్యేక తరగతుల పేరిట ఆటగాళ్ళను మైదానానికి పోనీయని అధ్యాపకులలో మేమూ ఉన్నాము. పాఠం పూర్తి కావలెనన్న తొందరలో ఇద్దరు కుర్రవాళ్ళకు మేమే అనుమతి నిరాకరించాము. వారిద్దరూ ఆ ఆటలో ఆడినవారే. ఆ ఓటమిలో మా పాలు ఎంతో మాకు తెలియదు గాని, లేదని మాత్రం చెప్పలేము. ఫిజికల్ డైరెక్టరు గారి లోపాలు ఉంటే వారి ఎదుటనే అడగండి, జవాబు వినండి. ఆ పిమ్మట ఏ నిర్ణయమైనా చేయవచ్చును.

కమిటీ వారికి మా మనవి ఒక్కటే. వినతిపత్రం తీసుకొనే ముందు సాధన హాజరు పుస్తకం తెప్పించి చూడండి. కోర్టు మరమ్మతుకు ఎప్పుడు డబ్బు అడిగారో, ఎప్పుడు ఇచ్చారో చూడండి. మా తరగతుల వేళల పట్టిక కూడా చూడండి.

విద్యార్థులకు మా మాట ఇది. రేపటి నుండి సాయంత్రం నాలుగున్నర తరువాత ప్రత్యేక తరగతి పెట్టబోమని మా వంతు మాట ఇస్తున్నాము. వినతిపత్రం మీద సంతకం చేసినవారంతా ఆ వేళకు మైదానానికి రావలెను. ఒక్క సంవత్సరం అట్లు గడిచిన తరువాత కూడా మద్దెల ఓడే అయితే, ఆ వినతిపత్రం మీద మా సంతకం మొదటిది అవుతుంది.