రెండోసారి వద్దని కణానికి ఎవరు చెప్పారు?

జనవరి 12 యల్లాప్రగడ సుబ్బారావు జయంతి. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన పరిశోధన సాగించిన లెడర్లీ లేబొరేటరీస్ ఉన్న పెర్ల్ రివర్, న్యూజెర్సీలోని మన పార్సిప్పనీ నుంచి కారులో గంట లోపే. ఆయన బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లల్లో కొందరికి కొంతకాలమైనా ఉపశమనం చూపించారు. ఫోలిక్ ఆమ్లాన్ని పనిచేయనివ్వకపోతే థైమిన్‌కు కరువొచ్చి డీఎన్‌ఏ నకలు ఆగిపోతుంది. అదే జాతి మందు మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

సరుకు లేకపోతే పని ఆగుతుంది, సరే. సరుకంతా ఉన్నప్పుడు నకలు ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు మానాలో కణానికి ఎలా తెలుస్తుంది?

దీనికి గట్టి ఆధారం 1970 జనవరి 10 ‘నేచర్’లో దొరికింది. రాసినవారు పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్. సుబ్బారావుగారి పటానికి దండ వేసే మన సభల్లో ఈ రావుగారి పేరెత్తేవారు అరుదు. నిర్వీర్యం చేసిన సెండాయ్ వైరస్‌తో వాళ్లు హీలా కణాలను ఒకదానితో ఒకటి కలిపేశారు. నకలు సాగుతున్న ఎస్ దశ కణంతో, ఇంకా మొదలుపెట్టని జీ1 కణాన్ని కలిపితే, జీ1 కేంద్రకం తొందరపడి నకలు మొదలెట్టేసింది. అంటే ఆ సంకేతం కణద్రవంలోనే తిరుగుతోందన్నమాట. కానీ నకలు పూర్తయిన జీ2 కేంద్రకం, అదే సంకేతం అందినా, ఉలకలేదు పలకలేదు. నా మటుకు ఆ ప్రయోగంలో అసలు గొప్ప విషయం ఈ మొండితనమే.

దాని గుట్టు తర్వాత విడింది. 1988లో జూలియన్ బ్లో, రాన్ లాస్కీ కప్పగుడ్ల సారంతో ప్రయోగాలు చేసి, నకలుకు ముందుగా ‘లైసెన్సు’ కావాలన్నారు. నకలు మొదలయ్యే వేల చోట్ల ఎంసీఎం ప్రొటీన్ల ఉంగరాలు డీఎన్‌ఏ మీదికి ఎక్కడమే ఆ లైసెన్సు; అది దొరికేది సీడీకే ఎంజైముల జోరు తక్కువగా ఉన్న జీ1లోనే. సీడీకేలు పెరిగి నకలు మొదలయ్యాక కొత్త ఉంగరాలు ఎక్కవు, ఆట మొదలవగానే టికెట్ల కౌంటర్ మూసేసినట్టు. జెమినిన్ అనే ప్రొటీన్ కూడా అడ్డుకుంటుంది. విభజన ముగింపులో జెమినిన్ నశించి, సీడీకేలు తగ్గాకే మళ్లీ అవకాశం. మన కణంలోని సుమారు 600 కోట్ల అక్షరాల జంటలు ఒక్కో చక్రంలో ఒక్కసారే నకలవడం ఇందువల్లే.

సుబ్బారావు 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు; డీఎన్‌ఏ జంట మెలిక రూపం తెలిసింది 1953లో. మందు ముందొచ్చింది, అర్థం దశాబ్దాల వెనక నడిచొచ్చింది. మూడేళ్ల గ్రాంటు చేతిలో పెట్టి లాభమేమిటని అడిగేవారు ఈ తేదీలు ఒకసారి చూడాలి. మందుల కంపెనీల్లో పనిచేసే తెలుగువారికి కొదవలేని ఈ ఊళ్లో, ఈసారి జయంతి సభలో ఆ జీ2 కేంద్రకానికి ఒక పది నిమిషాలు కేటాయించలేమా?