పట్టి తెచ్చాక పాతికేళ్లు ఎవరు మేపాలి?

అమెరికా ప్రభుత్వ భూముల్లో తిరిగే అడవి గుర్రాలు, గాడిదలు 2024 మార్చి లెక్క ప్రకారం సుమారు 73,500. ప్రభుత్వమే పట్టి తెచ్చి దొడ్లలోనూ కౌలు పచ్చికల్లోనూ మేపుతున్నవి మరో 60 వేల పైచిలుకు. ఈ జంతువుల కోసం నడిచే పథకానికి అమెరికా కాంగ్రెస్ ఏటా ఇచ్చే డబ్బులో దాదాపు మూడింట రెండు వంతులు పట్టి తెచ్చినవాటి పోషణకే పోతోంది. అడవి గుర్రాల పథకమని పేరే గానీ, నడుస్తున్నది ఓ పెద్ద బందెలదొడ్డి.

దీని వెనుక 1950 నాటి ఓ సంఘటన ఉంది. నెవాడాలో వెల్మా జాన్‌స్టన్ అనే ఆఫీసు సెక్రటరీ, తన ముందు పోతున్న లారీ నుంచి రక్తం కారడం చూసి వెంబడించింది. లోపల ఉన్నవి కబేళాకు తోలుకుపోతున్న గుర్రాలు. ఆమె పట్టుబట్టి ఉద్యమం నడిపింది, బడిపిల్లల చేత ఉత్తరాలు రాయించింది. మోటారు వాహనాలతో, విమానాలతో వేటాడటాన్ని 1959లో నిషేధించారు. 1971లో అసలు రక్షణ చట్టం ఒక్క వ్యతిరేక ఓటు కూడా లేకుండా గట్టెక్కింది. వేట ఆగింది, మందలు పెరిగాయి. ఏటా 15 నుంచి 20 శాతం పెరిగే మంద నాలుగైదేళ్లలో రెట్టింపవుతుంది. భూమి తట్టుకోగలదని అధికారులు గీసుకున్న గీత 26 వేల దరిదాపు. దాన్ని దాటినవి ‘అదనపు’ గుర్రాలు. వాటిని తొలగించే అధికారం ఆ చట్టమే ఇచ్చింది. తొలగించాక చచ్చేదాకా సాకేదెవరన్న సంగతి మాత్రం అప్పట్లో ఎవరికీ పట్టలేదు.

హెలికాప్టరుతో తరిమి పట్టుకొచ్చిన గుర్రాన్ని ఇనుప కటకటాల సందులోకి తోలతారు. మెడ ఎడమ పక్క వెంట్రుకలు గొరిగి, ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచిన ముద్ర ఒత్తుతారు. ఆ చలికి చర్మంలోని రంగు కణాలు చచ్చిపోయి, తర్వాత మొలిచే వెంట్రుకలు తెల్లగా వస్తాయి. ఆ కోణాల గీతలు చదవగలిగినవారికి గుర్రం పుట్టిన సంవత్సరం, నంబరు తెలుస్తాయి. ఆపైన మగవాటికి బీజాలు కొడతారు, ఆడ మందను వేరు చేస్తారు. ఒక మగ గుర్రం, నాలుగైదు ఆడ గుర్రాలు, వాటి పిల్లలు కలిసి తిరిగిన కుటుంబం అక్కడితో సరి.

అక్కడినుంచి దారులు రెండు. మొదటిది దొడ్డి: మట్టి నేల, కోసి తెచ్చిన ఎండుగడ్డి, నీళ్ల తొట్టి. రాళ్ల మీద మైళ్లకొద్దీ నడిచే జంతువు అక్కడ నిలబడిపోతుంది. గిట్టలు అరగవు, మనుషులే కత్తిరించాలి. రెండోది కన్సస్, ఓక్లహోమా లాంటి చోట్ల రైతుల నుంచి ఒప్పందం మీద తీసుకున్న పచ్చిక మైదానం. అక్కడ గుర్రం తన మేత తానే వెతుక్కుంటుంది. రోజు ఖర్చు కూడా దొడ్డిలో అయ్యేదాంట్లో సగానికి తక్కువే. ఖర్చు తక్కువ, బతుకు మెరుగు. ప్రభుత్వాలకు ఇలాంటి బేరం అరుదుగా దొరుకుతుంది. అయినా వేల గుర్రాలు దొడ్లలోనే ఉంటున్నాయంటే, పట్టుకునే వేగాన్ని పచ్చిక వెతికే వేగం అందుకోలేకపోవడమే కారణం.

కిక్కిరిసిన దొడ్డి ఎంత ప్రమాదమో 2022 ఏప్రిల్‌లో కొలరాడోలోని కేన్యన్ సిటీలో తేలిపోయింది. అది జైలు ప్రాంగణంలోని కేంద్రం. ఖైదీలు గుర్రాలకు శిక్షణ ఇచ్చే చోటు. అక్కడ గుర్రాల ఫ్లూ అంటుకుని 140కి పైగా చచ్చిపోయాయి. చాలావాటికి అసలు టీకాయే పడలేదు, కొన్నింటికి సగమే పడింది. అవి నెలల తరబడి ప్రభుత్వ సంరక్షణలో ఉన్న గుర్రాలని గుర్తుంచుకోవాలి.

గుర్రాలను జనానికి దత్తత ఇస్తే ఈ పోషణ భారం కొంత తగ్గుతుందన్నది నిజమే. కానీ త్వరగా వదిలించుకోవాలన్న ఆరాటంలో 2019లో ఒక్కో గుర్రానికి వెయ్యి డాలర్లు ఎదురిచ్చి దత్తతకు పంపడం మొదలుపెట్టారు. ఏడాది గడిచి హక్కు పత్రం, డబ్బు చేతికి రాగానే కొందరు వాటిని కబేళా దళారులు తిరిగే సంతలకు తోలేశారని 2021లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. 2025లో ఫెడరల్ కోర్టు ఆ ప్రోత్సాహకాన్ని కొట్టేసింది. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లోనే మూతపడ్డాయి గానీ మెక్సికో, కెనడా సరిహద్దులు దాటించడం ఆగలేదు. గుర్రాన్ని తీసుకోవడానికి డబ్బు కావాలని అడిగేవాడి చేతిలో పెడితే ఇంకేం జరుగుతుంది?

నాకు అన్నిటికంటే ఆందోళనగా తోచేది వేరే ఉంది. దత్తతకు ఎవరూ రాని ఆరోగ్యవంతమైన గుర్రాన్ని చంపే వెసులుబాటు చట్టంలో ఇప్పటికీ ఉంది. పదేళ్లు దాటినవాటిని షరతుల్లేకుండా అమ్మవచ్చని 2004 సవరణ చెప్పింది. ఈ రెంటికీ అడ్డం పడుతున్నది ఏటా బడ్జెట్ బిల్లులో చేర్చే ఒక నిషేధ నిబంధన. దాన్ని తీసేయాలని 2017లో ట్రంప్ ప్రభుత్వం అడిగితే కాంగ్రెస్ ఒప్పుకోలేదు. పచ్చికలో పాతికేళ్లు బతకగల జంతువు ప్రాణం ఏడాదికోసారి పొడిగింపు కోసం చూస్తోందన్నమాట. దాతల ఆశ్రయాలు ఉన్నాయి. డేటన్ హైడ్ 1988లో దక్షిణ డకోటాలో మొదలుపెట్టినది అందులో పేరున్నది. కానీ అలాంటి చోట్లకు పట్టేవి వందలే, ఉన్నవి పదుల వేలు. దీర్ఘకాలిక పచ్చిక ఒప్పందాలకు ప్రత్యేక నిధి, చంపడం మీద శాశ్వత నిషేధం లేనంతవరకు మిగతావన్నీ అతుకులే.

లోపలికి వచ్చే గుర్రాల సంఖ్య తగ్గాలంటే పని మొదలు కావాల్సింది మైదానంలో. మేరీలాండ్ తీరంలోని అసాటీగ్ దీవిలో 1994 నుంచి గర్భనిరోధక టీకాను బాణంతో వేస్తూ, ఒక్క గుర్రాన్నీ దొడ్డికి తోలకుండా మందను అదుపులోకి తెచ్చారు. నెవాడా ఆ దీవిలా చిన్నది కాదు, అక్కడి గుర్రం మనిషిని దగ్గరకు రానివ్వదు; కష్టమే. పైగా అదే భూమిలో ఆవులకు మేత హక్కులున్న రైతులున్నారు. తల్లీదూడల జతకు నెలకు 1.35 డాలర్ల రుసుముతో ఏళ్లుగా మేపుకున్నారు. ‘అదనం’ అనే లెక్కలో గుర్రాలే ఎందుకు తేలతాయన్న ప్రశ్నను వాషింగ్టన్‌లో ఏ పార్టీ కూడా గట్టిగా అడగదు. 2019లో పశుపోషకుల సంఘం, రెండు పెద్ద జంతు సంక్షేమ సంస్థలు కలిసి ఒక రాజీ సూత్రం తెచ్చాయి: మొదట భారీగా తొలగించండి, వాటిని పచ్చికలకు చేర్చండి, మిగిలినవాటికి విస్తృతంగా టీకాలు వేయండి అని. 2022లో ప్రభుత్వం మైదానం నుంచి తొలగించినవి 20 వేలకు పైగా. ఆ ఏడాది టీకా పడినవి రెండు వేలు కూడా లేవు.