విల్లు ఎవరికి సరిపడవలెను?

సీతంపేట, గుమ్మలక్ష్మీపురము కొండలలోని సవరలకు విల్లు క్రొత్తది కాదు. కాని ఒలింపిక్ పందెములలోని రికర్వ్ విల్లు వేఱు. దానితో 70 మీటర్ల దూరమునుండి 12.2 సెంటీమీటర్ల నడిమి వలయమును కొట్టవలెను. అందులకు నారి యెత్తును, బాణమును నారికి తగిలించు తావును, బాణపుకఱ్ఱ బిఱుసుదనమును విలుకాని లాగుబలమునకు తగినట్లు సరిచేయవలెను. కఱ్ఱ మిక్కిలి బిఱుసైనచో, కుడిచేతివాని గుఱి చక్కగనున్నను బాణ మెడమకు పోవును. ఒకనికి సరిచేసిన విల్లు మఱియొకనికి సరిపడదు. పదుగురికి ఒక్క విల్లిచ్చి, గుఱి తప్పినచో లోపము బాలునిదే యనుట న్యాయమా?

2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో విజయవాడ యువకుడు బొమ్మదేవర ధీరజ్, అంకితా భకత్‌తో కూడి మిశ్రమ జట్టు పోటీలో నాలుగవ స్థానమును పొందెను. ఆ త్రోవ మన కొండబిడ్డలకును తెఱవవలెను. పతకమును కోరుటకు ముందు, బాలునికొక విల్లును, దానిని సరిచేయ నేర్పు గురువును ఒసగుడని జిల్లా పెద్దలను మేము కోరుచున్నాము.