నూజివీడు మెట్టకు నీళ్లేవీ?

ఉమ్మడి కృష్ణా జిల్లా పేరెత్తగానే మన ఉద్యోగ మిత్రులు, విద్యార్థి తమ్ముళ్లు 'వాళ్లకేం, నీళ్లే నీళ్లు' అంటుంటారు. తప్పు! నూజివీడు మెట్ట ఎక్కి చూడండి. బెజవాడ దగ్గర 1855లో కట్టిన ఆనకట్ట డెల్టాను తడిపింది, ఈ ఎత్తుకు ఎక్కలేదు. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికిచ్చిన 811 టీఎంసీల్లో డెల్టాకే 181.20. మెట్టకు దక్కింది సాగర్ ఎడమ కాలువ చివరి తోక. తోకన ఉన్నవాడికి ఏం చేరుతుందో మన ఖమ్మం రైతును అడిగినా చెబుతాడు.

అందుకే అక్కడి రైతు మామిడి పెట్టాడు. చిన్నరసాలు జుర్రుకునే పట్నం బాబులకు వాటి వెనకున్న కరువు కనబడదు. అప్పు తెచ్చి బోరేస్తాడు. ఎండితే ఇంకా లోతుకు దించుతాడు. ఇల్లు గడవాలి కదా, పూత మీదే తోటను గుత్తకిస్తాడు. ధర పలికితే లాభం గుత్తదారుది! అటుపక్క ఎ.కొండూరు తండాల్లో లంబాడీలు కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డారు. అనుమానమంతా తాగే నీళ్ల మీదే.

మరి 58 ఏళ్లు 'సమైక్యత' అని గొంతు చించుకున్నది ఎవరి కడుపు కోసం? మన నీళ్లు మళ్లించుకున్న పాలకులు తమ గడప ముందున్న మెట్ట గొంతైనా తడపలేదు. 2014లో మనం తెంచుకున్నది వాళ్లతోనే, నూజివీడు రైతుతో కాదు. గోదావరిని ఆ మెట్టకు ఎత్తిపోయాల్సిన చింతలపూడి పథకం వైఎస్ హయాంలో మొదలైంది. ఇన్నేళ్లుగా ఎందుకు నానుతోందో అమరావతిని అడగండి, హైదరాబాద్‌ను కాదు.