తేటపడిన నూనె యెల్లను శుద్ధమైన నూనెయేనా?

నేడు గచ్చిబౌలి ప్రాంతమును చూచువారికి మొదట కన్పట్టునవి అద్దముల మేడలు. ఆ మేడల వెనుక, విద్యుచ్ఛక్తి నిలిచినప్పుడు నడపుటకై డీజిలు జనరేటరు లుంచబడి యున్నవి. మట్టి త్రవ్వు యంత్రములు, కాంక్రీటు లారీలు, ఉద్యోగులను జేరవేయు బస్సులు రేయింబవళ్లు తిరుగుచున్నవి. వీనియన్నిటి యింజనులలోను నూనె యున్నది. కొంతకాలము నడచినపిమ్మట నది నల్లబడును. దానిని తీసివేసి క్రొత్తనూనె పోయుదురు. తీసిన నల్లనూనె యెక్కడికి బోవుచున్నదని మనలో నెందఱు విచారించిరి?

ఈ సంవత్సరము మా పై తరగతుల విద్యార్థులు కొందఱు మమ్మొక ప్రశ్న యడిగిరి. వాడిన యింజను నూనెను సెంట్రిఫ్యూజు అను గిరగిర తిరుగు యంత్రమున శుభ్రపఱచి, డీజిలునకు బదులుగ వాడుకొనవచ్చునా యని. పాఱవేయు వస్తువునుండి ప్రయోజనమును రాబట్టవలెనను తలంపు మెచ్చదగినదే. అయినను ఆ ప్రశ్నకు 'అవు'నని చెప్పుట మాకు సమ్మతము కాదు. కారణములను విన్నవింతుము.

జాతరలో రంగులరాట్న మెక్కినవారికి ఈ యంత్రముయొక్క తత్త్వము కొంత తెలిసియే యుండును. రాట్నము వేగము హెచ్చినకొలది మనలను వెలుపలికి నెట్టుచున్నట్లు తోచును. అట్లే నూనెను పాత్రలో పోసి మిక్కిలి వేగముగ త్రిప్పినప్పుడు, అందలి బరువైన రేణువులును నీటిబొట్లును వెలుపలి గోడను జేరును. తేలికయగు నూనె లోపల నిలుచును. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల పాత్ర నిమిషమునకు 6,000 చుట్లు తిరిగినచో, గోడయొద్ద బలము భూమ్యాకర్షణకు సుమారు 2,000 రెట్లుండును. పీపాలో నెలల తరబడి దిగని మడ్డి యిందు శీఘ్రముగ దిగును. స్వీడను దేశస్థుడగు గుస్తాఫ్ డీ లవాల్ 1878లో ఈ సూత్రము ననుసరించియే పాలనుండి మీగడను వేఱుపఱచు యంత్రమును నిర్మించెను. నేడు పెద్ద యోడలలో ఇంధనమును ఇంజను నూనెయు నిట్టి యంత్రములచేతనే శుభ్రపఱుపబడుచున్నవి.

డీజిలు ఇంజను తొలినాళ్లలో పలువిధములైన నూనెలను సహించినమాటయు నిజమే. 1900 సంవత్సరమున పారిస్ ప్రదర్శనములో ఒక డీజిలు ఇంజనును వేరుసెనగనూనెతో నడిపి చూపిరి. ఇతర దేశములలో పాతకాలపు ఇంజనులు గల కొందఱు, వాడిన నూనెను సెంట్రిఫ్యూజున శుభ్రపఱచి డీజిలుతో కలిపి నడపుచున్నారు. ఇంజను కదలును, సందేహము లేదు. కాని కదలుట యొక్కటియే పరీక్ష కాదు.

మన పెద్దలు బురదనీటిలో ఇండుపగింజ నరగదీసి కలిపెడివారు. కొంతసేపటికి బురద దిగి నీరు తేటపడెడిది. ఆ గింజనే ఉప్పునీటిలో నరగదీసినచో బురద దిగును గాని యుప్పు దిగదు. సెంట్రిఫ్యూజు పనియు నిట్టిదే. ఇనుపరజను, మట్టిని, నీటిని అది తీయగలదు. నూనెలో కరగియున్నదానిని తీయజాలదు. అరుగుదలను తగ్గించుటకును ఆమ్లములను విఱుచుటకును జింకు, భాస్వరము, కాల్షియము గల మందులను తయారీనాడే యింజను నూనెలో కలుపుదురు. అవి నూనెతోనే నిలుచును. మసి ముద్దకట్టకుండ జేయు మందు కూడ నుండుటచే మిక్కిలి సన్నని మసియు పూర్తిగ దిగదు. పెట్రోలు బండినుండి తీసిన నూనెలో కొంత పెట్రోలు కలిసియుండవచ్చును. అట్టిదానిని వేడిచేయునప్పుడు నిప్పంటుకొను అపాయము గలదు.

ఇట్టి నూనెను కాల్చినచో నేమగును? 40 డిగ్రీల సెల్సియస్ వేడివద్ద లారీ ఇంజను నూనె సాధారణముగ డీజిలుకంటె 20 రెట్లకు మించి చిక్కగ నుండును. సన్నని రంధ్రములనుండి చిమ్మబడునప్పుడు అది చక్కని తుంపరగాక, అరకొఱగ కాలి, బొగ్గుగ పేరుకొనును. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమంతట అమలులోనున్న భారత్ స్టేజ్ 6 ప్రమాణము ప్రకారము డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లలో 10 పాళ్లకు మించరాదు. ఇంజను నూనెలో నది తఱచు వేల పాళ్లుండును. క్రొత్తబండ్ల పొగగొట్టములోని జల్లెడ మసిని కాల్చుకొనగలదు గాని జింకు కాల్షియముల బూడిదను కాల్చుకొనజాలదు, క్రమముగ మూసికొనిపోవును. జల్లెడ లేని పాతబండియైనచో నా బూడిద గాలిలో కలిసి, బస్సుకొఱకు నిలిచియున్న బాలబాలికల యూపిరితిత్తులను జేరును. ఒకరి పొదుపు వేఱొకరి దగ్గుగ మాఱుట న్యాయము కాదు.

మఱి యా నూనెను కాలువలో పాఱబోయవలెనా? అది యంతకంటె చెడ్డపని. వాననీటితో గలిసి యది చెఱువులకు బోవును. ఒకప్పుడు గోల్కొండ కోటకు త్రాగునీరిచ్చిన దుర్గము చెఱువు ఈ ప్రాంతముననే యున్నదని మఱువరాదు.

ఇంజను నూనె వాడుకచే నశించునది కాదు, మలినపడునది. నిర్వాతములో మరిగించి, ఆవిరిచేసి, మరల చల్లార్చి పట్టినచో మూలపు నూనెను తిరిగి పొందవచ్చును. కాల్చిన నూనె ఒక్కమాఱుతో తీరును. ఇట్లు శుద్ధిచేసిన నూనె మరల మరల పనికివచ్చును. మన దేశమున 2016 నాటి నియమములు వాడిన నూనెను అపాయకరమైన వ్యర్థముగ నెంచి, కాలుష్య నియంత్రణ మండలి యనుమతి పొందినవారికే దాని నప్పగింపవలెనని విధించుచున్నవి. 2024 ఏప్రిల్ 1 నుండి, నూనెను తయారుచేసి యమ్మువారికిని దానిని తిరిగి శుద్ధిచేయించు బాధ్యతలో భాగము విధింపబడినది. వంటనూనె సంగతి వేఱు. వాడిన వంటనూనెను బయోడీజిలుగ మార్చు కార్యక్రమము 2018లోనే మన దేశమున నారంభమైనది.

చిన్న మెకానిక్కునకు ఇదంతయు సాధ్యమా యని తల్లిదండ్రు లడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. డబ్బా నూనెకొఱకు అనుమతిగల సంస్థ బండి పంపదు. ఎవడో వచ్చి నాలుగు రూపాయలిచ్చినచో ఇచ్చివేయుట సహజము. కావున ఒక వీథిలోని షెడ్లవారందఱును గలిసి ఒక్క పీపా నుంచుకొనవలెను. అందు కిరసనాయిలు, బ్రేకునూనె, రేడియేటరునీరు కలుపరాదు. పీపా నిండినపిమ్మట ఒక్కటిగ నమ్మినచో తగిన వెలయు దొరకును. పెద్ద కార్యాలయములలో జనరేటరుల బాధ్యతగల తల్లిదండ్రులు, నూనె యెవరికి బోయినదో తెలుపు చీటిని తప్పక యడిగి పుచ్చుకొనవలెను.

సెంట్రిఫ్యూజును మేము తృణీకరించుట లేదు. ఇంజను నడచుచుండగనే నూనెలోని మడ్డిని తీసి, నూనె ఆయుర్దాయమును పెంచుట దానికి తగిన పని. పెద్ద డీజిలు ఇంజనులు పెక్కింటికి అట్టి చిన్నయంత్రము అమర్చబడియే యుండును. నూనెను నూనెగ నిలుపుటకు దానిని వాడుదము. పొగగ మార్చుటకు వాడవలదు.

విద్యార్థులారా! మీరు రేపు ఇంజనీర్లు, మెకానిక్కులు, యజమానులు కానున్నారు. ఒక ద్రవము కంటికి తేటగ నున్నంతమాత్రమున సంతృప్తి పడకుడు. అందేమి కరగియున్నదో పరీక్షించి తెలిసికొనుడు. మీ యింటి బండికి ఈసారి నూనె మార్చునప్పుడు, తీసిన నూనె యెక్కడికి బోవుచున్నదో షెడ్డువానిని మర్యాదగ నడుగుడు. పలువు రడిగినచో షెడ్డులన్నిటను మార్పు తప్పక కలుగును.