పాత వంతెన ఎవరి సొత్తు?

రాజమహేంద్రవరమున గోదావరిపై మూడు రైలు వంతెనలు గలవు. అందు మొదటిది, హేవలాకు వంతెన, 1997 మొదలు బండి చప్పుడెరుగక నిలిచియున్నది. 2025 జూనులో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి పథకమున దీనికిని చోటు దొరకినది. సంతోషమే. కాని కాపాడుట యనగా నేమి? ఎవరికొరకు కాపాడుట? ఈ ప్రశ్న యింకను మిగిలియే యున్నది.

వంతెన లేని దినములలో చెన్నపట్టణమునుండి కలకత్తా పోవు తూర్పుతీరపు దారి గోదావరి గట్టున తెగిపోయెడిది. బాటసారులు బండి దిగి, నది పడవపై దాటి, ఆవలి యొడ్డున మరల బండి యెక్కెడివారు. 1897 నవంబరు 11వ తేదీన పని మొదలయ్యెను. 1900 ఆగస్టు 30వ తేదీన బండి నది దాటెను. రాతి స్తంభములు, ఉక్కు దూలములు, 150 అడుగుల అంకణములు 56. నిడివి రమారమి 2.7 కిలోమీటర్లు. మూడేండ్లలో ఇంతటి పని!

కట్టించిన ఇంజనీరు వాల్టన్ పేరు గ్రంథముల కెక్కినది. గవర్నరు హేవలాకు పేరు వంతెనకే దక్కినది. వరదనదిలో పునాదులు దింపిన కూలివాని పేరు ఎవరి కెరుక?

ఇది దాస్యచిహ్నము, దీనిపై మమకార మేల యని కొందరందురు. పాలకులు తమ వర్తకమునకును, తమ సేనలకును దారి వేసికొనిరన్నమాట నిజమే. కాని చెమట మనది, పన్ను మనది. ఆ పట్టాలమీదనే స్వరాజ్య సందేశము ఊరూరికి ప్రాకినది. పరుల పేరున్నదని మన కష్టార్జితమును తుక్కున కమ్ముకొందుమా? పేరు చెరపనక్కరలేదు, దాని ప్రక్కన మన శ్రమకథను వ్రాసిన చాలును.

2027లో పుష్కరములు వచ్చుచున్నవి. ఆ తొందరలో రంగులు పూసి, దీపములు కట్టి, పండుగ కాగానే మరచిపోవుదురేమో యని మా భయము. ఉక్కునకు తుప్పే శత్రువు. 1914లో తెరచిన రామేశ్వరపు పాంబను వంతెన ఉప్పుగాలిని శతాబ్దికి పైగా తట్టుకొని నిలిచినదనగా, ఏటేట దానిని కనిపెట్టిన చేతులుండుటచేతనే. ఆ వంతెనయు 2022లో విశ్రమించెను. 2025లో ప్రక్కనే క్రొత్తది వచ్చెను. గోదావరి వంతెనకును అట్టి చేతులు వలయును. అందుకై యేటేట కొంత ధనము ప్రత్యేకించి యుంచవలయును.

ఇక నడకదారిపై రుసుము వలదు. అంగళ్ళ రొద వలదు. బడిపిల్లవాడు నది నడుమ నిలిచి, వంతెన చరిత్రను తెలుగున చదువుకొనునట్లు పలకలు నాటుడు. కూలివాని మనుమడు రుసుము లేకుండ నడచిననాడే యిది ప్రజల సొత్తగును.